కరువు కాలములో పచ్చని తోట – ఎవరి నీళ్ళతో?



మంచివారి చేనుకు ఒక వాన, చెడ్డవారి చేనుకు ఒక వాన అని పరలోకపు తండ్రి వేరు చేయడని ప్రభువు కొండమీద బోధించారు. ఈ మాట మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. అయితే వాన నిలిచిపోయినప్పుడు సంగతి ఏమిటి? కరువు కూడ అందరి మీద సమానముగా పడునా? ఆకాశము మూయబడుట అందరికీ ఒకటే. కాని నేల మీద ఎండిపోవుట అందరికీ ఒకటి కాదు. ఒకరి తోట పచ్చగా ఉంటుంది, పక్కవారి చెట్టు మోడు అవుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతున్నది? దానికి లెక్క చెప్పవలసినవారు ఎవరు? ఈ ప్రశ్న మాకు పుస్తకములో ఎదురుకాలేదు. మా మందిరపు గోడ దగ్గర ఎదురైనది.

2024 వేసవి

2023లో నైరుతి వానలు తప్పాయి. కర్ణాటకలోని 236 తాలూకాలలో 223 కరువు తాలూకాలని ప్రభుత్వము ప్రకటించింది. మరుసటి సంవత్సరము మార్చి నాటికి ఆ దెబ్బ బెంగళూరుకు తగిలింది. నగరమునకు రోజుకు 260 కోట్ల లీటర్లు కావలెననీ, 50 కోట్ల లీటర్లు తక్కువ పడుచున్నవనీ, సుమారు 14,000 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయినవనీ ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు చెప్పారు. తాగునీటితో కార్లు కడిగినా, తోటలు తడిపినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తరువు చేసింది. ట్యాంకరు ధరలకు కలెక్టరుగారు హద్దు పెట్టవలసి వచ్చింది.

ఆ రోజులలో నగరములో ఒక చివరనుండి ఇంకొక చివరకు బస్సులో వెళ్ళినవారికి ఒక సంగతి కనబడియుండును. మల్లేశ్వరము, బసవనగుడి, జయనగరము వంటి పాతపేటలలో రోడ్డుకు ఇరువైపుల చెట్లు నీడనిస్తూనే ఉన్నాయి. తూర్పున, దక్షిణమున కొత్తగా పెరిగిన పేటలకు పోయేసరికి నాటిన మొక్కలు నిలువునా ఎండి, వాటి చుట్టూ కట్టిన ఇనుప తడికెలు మాత్రము మిగిలాయి. ఒకే ఆకాశము, ఒకే ఎండ. తేడా ఎందుకు?

కారణములు తేలికగానే తెలుస్తాయి. పాతపేటలకు కావేరి పైపు ఉన్నది. 1974 నుండి దాదాపు 100 కిలోమీటర్ల దూరమునుండి, అర కిలోమీటరు ఎత్తుకు నీటిని ఎక్కించి ఆ పైపు నింపుచున్నారు. 2007లో నగరములో కలిపిన 110 గ్రామములకు కావేరి అయిదవ దశ నీరు 2024 అక్టోబరు 16న గాని ప్రారంభము కాలేదు. పదిహేడు సంవత్సరములు ఆ ప్రాంతము బోర్ల మీద, ట్యాంకర్ల మీద బ్రతికింది. చెట్ల సంగతి కూడ అంతే. క్రుంబీగల్ అను జర్మను తోటల నిపుణుడు 1908 నుండి 1932 వరకు లాల్‌బాగును చూచుకొని, నగరపు వీధులలో ఒక జాతి పూలు రాలగానే ఇంకొక జాతి పూచేటట్లు చెట్లు నాటించాడు. 1980లలో నెగినహాళ్ అను అటవీ అధికారి 15 లక్షల చెట్లు నాటించాడు. ఆ చెట్ల వేళ్ళు లోతుకు దిగియున్నాయి. నిన్న నాటిన మొక్కకు అట్టి వేళ్ళు లేవు. మొదటి రెండు మూడు వేసవులు ఎవరైనా నీరు పోస్తేనే అది బ్రతుకుతుంది. పూర్వము ఎవరో నాటినదీ, పూర్వము ఎవరో వేసిన పైపూ ఎవరికి దక్కెనో, వారి పచ్చదనము కరువును తట్టుకొన్నది. దక్కనివారికి ఎండ మిగిలింది. ఇందులో పాతపేటవారి పుణ్యము లేదు, కొత్తపేటవారి పాపము లేదు.

మా గోడకు ఇవతల, అవతల

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇక మా సంగతి చెప్పవలెను.

మా సంఘము నగరమునకు తూర్పున ఉన్నది. మందిరము ముందర కొద్దిపాటి ఆవరణము. కొన్నేండ్ల క్రితము సంఘస్థులు చందాలు వేసి అక్కడ కార్పెట్ గడ్డి పరిపించారు. పెండ్లిండ్లకు, ఈస్టరు ఉదయపు ఆరాధనకు చూడముచ్చటగా ఉండేది. వెనుక గోడకు ఆనుకొని ఒక సందు ఉన్నది. అక్కడివారు చాలమంది మన తెలుగువారే. వీధులు ఊడ్చే పౌరకార్మికులు కొందరు, అనంతపురము, కర్నూలు వైపునుండి కట్టడపు పనులకు వచ్చినవారు కొందరు. సందు అంతటికీ ఒక బోరు, ఒక చిన్న ట్యాంకు.

ఆ సందులో ఒక పెద్దమ్మ ఉండేది. పౌరకార్మికురాలిగా పనిచేసి మానుకొన్న మనిషి. ఆమె ఇంటి ముందర ఒక మునగచెట్టు, గోడవార కరివేపాకు, పెయింటు డబ్బాలో మల్లె. మునగాకు, మునగకాయ సందులో అందరికీ పెట్టేది. చెట్టు క్రింద పిల్లలు చదువుకొనేవారు. మునగ నీడ పలుచన, అయినను ఆ సందులో ఉన్న నీడ అదొక్కటే.

2023 డిసెంబరులో మా బోరులో నీరు తగ్గింది. పెద్దల సంఘము కూడి, బోరును ఇంకా లోతు చేయించవలెనని తీర్మానించింది. నీరు పడింది. దేవునికి స్తోత్రము చెల్లించాము. 2024 ఫిబ్రవరిలో సందులోని బోరు ఎండిపోయింది. మా బోరు వలననే వారి బోరు ఎండినదా? బోరు వేసినతనిని అడిగితే, "రాతి నేల సార్, లోపల పగులు ఎటు పోతుందో ఎవరు చూశారు" అన్నాడు. బెంగళూరు క్రింద ఉన్నది గట్టి రాయి. పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఒక పగులు గోడకు ఇవతల ఉన్నది అవతలి బోరుకు కలిసియుండవచ్చు, కలిసియుండకపోవచ్చు. కాని మేము చేసిన తప్పు వేరు. లోతు చేయించేముందు గోడకు అవతల ఎవరున్నారని మేము ఒక్కసారి కూడ అడగలేదు.

మార్చిలో మా బోరు కూడ సన్నగిల్లింది. గడ్డి పచ్చదనము పోవుచున్నది. ఈస్టరు ఆ నెల 31న. తరువాత రెండు పెండ్లిండ్లు. పెద్దల కూటములో, గడ్డికొరకు వారమునకు రెండు ట్యాంకర్లు తెప్పించవలెనని ఒకరు అన్నారు. ఉత్తరువు ఉన్నది కదా అని ఒకరు అడిగారు. అది కావేరి నీళ్ళకు గాని మనము కొనే బోరు నీళ్ళకు కాదు, మన డబ్బు, మన ఆవరణము అని జవాబు వచ్చింది. మేమును ఆ తీర్మానమునకు చెయ్యెత్తాము. ఇది ఇతరుల మీదికి నెట్టుటకు వీలులేదు.

మట్టల ఆదివారమునకు ముందు రోజు సాయంకాలము మేము గేటు దగ్గరకు వచ్చేసరికి వాచ్‌మన్ పైపు పట్టుకొని గడ్డి తడుపుచున్నాడు. గేటు అవతల ఆ పెద్దమ్మ ఖాళీ బిందెతో నిలువబడియున్నది. బయటివారిని రానీయవద్దని మేము చెప్పినందున అతడు ఆమెను పొమ్మన్నాడు. మమ్మును చూచి ఆమె కోపపడలేదు. "తడపండయ్యగారూ, గడ్డి మాత్రం ఏం పాపం చేసింది" అని, బిందె చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది. ఆమెను వెనుకకు పిలువవలెనని మాకు తోచేలోపు సందు మలుపు తిరిగింది.

క్రిస్మసుకు మా సంఘము ఆ సందులో చీరలు పంచింది. మార్చిలో బిందెడు నీళ్ళివ్వలేకపోయింది.

రెండవసారి వాడిన నీళ్ళు

ఆ రాత్రి మాకు ఒక సంగతి తెలిసివచ్చింది. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పినది ఏమనగా, ఒకటి అర్థము కాకపోతే దానిని భాగములుగా విడదీసి చూడమని. అట్లు చూస్తే ఇది కనబడింది.

ఆ పెద్దమ్మ మునగచెట్టుకు ఎన్నడును మొదటి నీళ్ళు పోయలేదు. బియ్యము కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు పోసేది. ఆ చెట్టు ఇంటివారు వాడగా మిగిలిన నీటితో బ్రతికేది. ఇంటికి పది బిందెలు వచ్చినప్పుడు చెట్టుకు రెండు బిందెలు దక్కేవి. ఇంటికే రెండు బిందెలు వచ్చినప్పుడు చెట్టుకు దక్కేదేమున్నది? మా గడ్డి అట్లు కాదు. అది పైపునుండి వచ్చిన మొదటి నీళ్ళు త్రాగుచున్నది. పేదవాని చెట్టు మనిషి తరువాత త్రాగుతుంది గనుక మనిషితోపాటు ఎండుతుంది. కలిగినవాని గడ్డి మనిషికంటె ముందు త్రాగుతుంది గనుక మనుష్యులు ఎండినను అది పచ్చగా ఉంటుంది. ఒకే కరువు రెండు విధములుగా పడుట అంటే ఇదే.

పోయే వస్తువు కూడ ఒకటి కాదు. దివ్య గోపాల్, హరిణి నాగేంద్ర అను పరిశోధకులు బెంగళూరు మురికివాడల చెట్లను గూర్చి 2014లో ఒక అధ్యయనము ప్రచురించారు. అట్టి వాడలలో చెట్లు తక్కువ, కాని ఉన్న ఒక్కొక్క చెట్టు కూరకు, మందుకు, నీడకు, నలుగురు కూర్చొని పనిచేసికొనుటకు పనికివస్తుందని వారు చూపించారు. మా గడ్డి ఎండితే మాకు పోయేది అందము. ఆ మునగ ఎండితే వారికి పోయేది కూర, నీడ, పిల్లల బడి.

ఇది ఒక్క బెంగళూరు సంగతి కాదు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరము 2018లో కొళాయిలు కట్టివేయవలసిన దినమునకు దగ్గరగా వచ్చింది. ఆ నగరమును గూర్చి 2023లో వెలువడిన ఒక పరిశోధన, నూటికి 14 మందికంటె తక్కువగా ఉన్న కలిగినవారు నగరపు ఇండ్ల నీటిలో సగమునకు పైగా వాడుచున్నారని అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగము తోటలకు, ఈతకొలనులకు పోవుచున్నది. దాహమునకు త్రాగే నీళ్ళు కలిగినవాడైనను పేదవాడైనను దాదాపు ఒకటే. తేడా అంతా ఆవరణములో ఉన్నది.

"మన డబ్బు, మన ఆవరణము"

ఆ మాటకు కొంత బలము ఉన్నది, దానిని తీసివేయకూడదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టము ప్రకారము భూమి గలవాడు తన భూమి క్రింద ఊరే నీటిని తీసికొనవచ్చును. కర్ణాటక 2011లో భూగర్భజలముల చట్టము చేసి కొన్ని ప్రాంతములలో అనుమతి కావలెనన్నది గాని, వాడుకలో ఇప్పటికిని ఎవరి మోటారు లోతైనదో వారిదే నీరు. అయితే భూమికి గోడ ఉన్నది, నీటికి గోడ లేదు. మేము కొన్నది స్థలము. స్థలము క్రింద నడిచే నీటిని మేము కొనలేదు. ట్యాంకరు నీళ్ళయినను ఆకాశమునుండి దిగలేదు. ఏదో పల్లెలో ఒక రైతు తన పొలమునకు కట్టవలసిన నీళ్ళను మనకు అమ్ముకొన్నాడు. డబ్బు ఇచ్చినంత మాత్రాన ఆ పొలము పచ్చగా ఉండదు.

అందము పాపమా అని ఎవరైనా అడుగవచ్చు. కానే కాదు. దేవుడు మొదటి మనుష్యుని ఉంచినది తోటలోనే. లాల్‌బాగును 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు. అప్పుడది రాజుల తోట. నేడు 240 ఎకరములలో కూలివాడును ముఖ్యమంత్రియు ఒకే చెట్టు క్రింద కూర్చొనవచ్చును. కబ్బన్ పార్కులో వాడిన నీటిని శుద్ధిచేసి చెట్లకు పట్టే ఏర్పాటు ఉన్నది. అట్టి తోటను కరువులో కాపాడుట తప్పు కాదు, అవసరము. తోట ఎవరికొరకు తెరిచియున్నది, ఏ నీరు త్రాగుచున్నది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే ఆ తోట పచ్చగా ఉండవచ్చును. మా గడ్డి రెండింటికిని జవాబు చెప్పలేదు. గేటు మూసియున్నది. నీరు మొదటి నీరు.

అహాబు, ఓబద్యా, యోనా

మొదటి రాజుల గ్రంథము 18వ అధ్యాయములో గొప్ప కరువు ఉన్నది. అప్పుడు అహాబు రాజు చేసిన పని మనము సాధారణముగా చదివి దాటిపోతాము. ప్రజలు ఏమి త్రాగుచున్నారని అతడు వెదకలేదు. తన గుఱ్ఱములకు, కంచరగాడిదలకు గడ్డి ఎక్కడ దొరకునా అని ఊటలన్నిటిని వెదకబోయాడు. కొంతకాలమునకు ఇదే రాజు కూరతోట వేసికొనుటకు నాబోతు ద్రాక్షతోటను కోరి, దానికొరకు రక్తము చిందనిచ్చాడు. ఆ కరువులోనే అహాబు ఇంటి పెత్తనము చేసిన ఓబద్యా, గుహలలో దాగిన నూరుగురు ప్రవక్తలకు రొట్టెయు నీళ్ళును మోయుచున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే కరువులో రెండు వెదకులాటలు. మా పెద్దల కూటము ఆ మార్చిలో ఎవరి వెంట నడిచినదో మేము చెప్పనక్కరలేదు.

యోనా సంగతియు అంతే. తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోతే అతనికి ప్రాణము విసిగింది. లక్షకు పైగా జనమున్న నీనెవెను గూర్చి అతనికి జాలి కలుగలేదు. దేవుడు అతని చెట్టు దుఃఖమును ఎగతాళి చేయలేదు. ఆ దుఃఖమును ఇంకొంత దూరము, పట్టణము వరకు తీసికొని వెళ్ళమన్నాడు. మేము గడ్డి కొరకు దుఃఖపడ్డాము. ఆ దుఃఖము గోడ దాటలేదు.

మన పితరులు ఏ పక్కన ఉన్నారు?

తెలుగు బాప్తిస్టులమైన మనము కరువును మరచుట తగదు. 1876–78 నాటి మహాకరువులో ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపించారు. గంజికొరకు విశ్వసించినారను మాట రాకూడదని, కరువు సహాయము ముగియువరకు బాప్తిస్మములు నిలిపివేశారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనలో చాలమంది ఆ పలుగు పట్టినవారి సంతానము. మన ముత్తాతలు కరువులో కాలువ త్రవ్వినవారు. మనము కరువులో గడ్డి తడిపినవారము. స్థిరపడిన సంఘమునకు ఉన్న శోధన ఇదే. దాహపడినవారు ఎవరో కాదు, నిన్నటి మనమే అని మరచిపోవుట.

తరువాత జరిగినది

ఈస్టరు ముందు బుధవారము పెద్దలు మరల కూడారు. వాదము జరిగింది, అందరు ఒప్పుకొనలేదు. చివరకు ట్యాంకర్లు మాన్పించి, గడ్డిని విడిచిపెట్టి, సంపునుండి వెనుక గోడలోగుండా సందుకు ఒక కొళాయి పెట్టించాము. ఈస్టరు ఆరాధన ఎండిన గడ్డిమీద జరిగింది. ఆరాధనకు ఏ లోపము రాలేదు.

2024 జూన్ 2న బెంగళూరులో ఒక్కనాడు 111 మిల్లీమీటర్ల వాన కురిసింది. జూన్ నెలలో ఒక్కరోజున అంత వాన 133 సంవత్సరములలో పడలేదు. నగరములో చాల చెట్లు కూలాయి. మొదళ్ళ చుట్టూ సిమెంటు పోసి వేళ్ళకు ఊపిరి లేకుండ చేసినచోట చెట్టు గాలివానకు ఎట్లు నిలుచును? మా ఆవరణములో కార్పెట్ గడ్డి పోయిన చోట రెండు వారములలో గరిక దానంతట అదే మొలిచింది. గోడకు అవతల మునగచెట్టు మరల చిగుర్చలేదు. గడ్డికి రెండు వానలు చాలినవి. ఆ చెట్టు వెనుక ఉన్న సంవత్సరములను ఏ వాన తిరిగి ఇస్తుంది?

మేము క్షమాపణ అడుగుటకు ఆ ఇంటికి వెళ్ళాము. నీళ్ళ ఇబ్బందికి తాళలేక పెద్దమ్మ ఏప్రిలులోనే హిందూపురము వైపు కూతురు దగ్గరకు వెళ్ళిపోయిందని పొరుగువారు చెప్పారు. ఆమె తిరిగి రాలేదు. ఆ స్థలములో మేము ఒక మునగకొమ్మ నాటించాము. అది క్షమాపణకు బదులు కాదని మాకు తెలుసు.

ఇతర సంఘములకు మా మనవి రెండు మాటలు. మొదటిది లెక్క. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మీ మందిరపు కప్పు 2,000 చదరపు అడుగులైతే, దానిమీద పడేది 1,80,000 లీటర్లు, అనగా 6,000 లీటర్ల ట్యాంకర్లు 30. వాననీటిని పట్టవలెనని 2009లోనే నియమము వచ్చింది. మేము మాత్రము మొన్నటివరకు దానిని మురుగుకాలువకు పంపాము. ఇప్పుడు సంపుకు, మిగిలినది ఇంకుడు గుంతకు పంపుచున్నాము. చేతులు కడిగిన నీరు చెట్లకు పోవుచున్నది. మా చెట్లు కూడ ఇప్పుడు రెండవ నీళ్ళే త్రాగుచున్నాయి.

రెండవది తీర్మానము. బోరు లోతు చేయించేముందు, తోట వేసేముందు, గోడకు అవతలివారిని కూటమునకు పిలిచి అడుగుడి. మా పుస్తకములో ఇప్పుడు ఆ తీర్మానము వ్రాసియున్నది. కరువు మరల వచ్చును. వచ్చినప్పుడు మన ఆవరణము పచ్చగా ఉన్నదా అని ప్రభువు అడుగునని మాకు తోచదు. గేటు దగ్గర ఖాళీ బిందెతో ఎవరు నిలిచిరని అడుగును. ఆ దినమున జవాబు చెప్పగల కృపను ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.